మూడో నీళ్ళు

పోయిన వేసవిలో రాయపూర్ మోవాలో మా అపార్టుమెంటు వెనక ఖాళీ స్థలాల్లో ఎండుగడ్డి అంటుకుంది. పెద్ద మంట ఏమీ కాదు. అయినా వాచ్‌మన్ ఈల వేసుకుంటూ అంతస్తులన్నీ తిరిగాడు, లిఫ్టు ఎక్కొద్దు, మెట్ల మీంచి దిగండి అని. కాసేపటికి అందరం కింద పార్కింగులో నిలబడ్డాం. ఒకాయన లాప్‌టాప్ గుండెలకి హత్తుకుని వచ్చాడు. ఒకావిడ కుక్కపిల్లనీ, దాని దుప్పటినీ, దాని గిన్నెనీ తెచ్చుకుంది కానీ స్నానాల గదిలో ఉన్న మొగుడికి చెప్పడం మరిచిపోయింది. ఆయన తువ్వాలుతో దిగొచ్చేసరికి అందరం నవ్వాం. ఎదురింటావిడ నా వంక చూసి, "ఆప్ కుఛ్ నహీ లాయీఁ?" అంది. ఒక చేత్తో మా అమ్మ రెక్క పట్టుకుని ఉన్నాను. రెండో చెయ్యి ఖాళీ. ఏమీ తేలేదు అన్నాను. అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఆకు పొగ" అంది.

నేను పెరిగిన చోటు ఇప్పుడు లేదు. అది బీర్‌గావ్ అవతలి కొస, రాయపూర్ శివార్లలో. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన తొలి రోజులవి. నాన్న రోలింగ్ మిల్లులో మనిషి. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని పట్టకారుతో అందుకుని మళ్ళీ రోలర్ల మధ్యకి దూర్చే పని. చిల్లుల్లేని చొక్కా నాన్న ఒంటి మీద నేనెప్పుడూ చూడలేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఒకరి వెనక ఒకరు వచ్చి ఇలాంటి పనుల్లో కుదిరిన కుటుంబాలు మా వరసలో చాలా ఉండేవి. మిగతావాళ్ళు అక్కడివాళ్ళే, ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాళ్ళు. పెంకుటిళ్ళ వరస, ఇంటికి రెండు గదులు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. పక్కింటి పిల్లాడు తుమ్మితే మా నానమ్మ ఇటునుంచి "నూరేళ్ళు" అని దీవించేది.

వరసకి ముందువైపు ఫ్యాక్టరీ గోడలు. వెనకవైపు భాఠా. అంటే బీడు. ఎవరో ఫ్యాక్టరీ కడతామని కొనుక్కుని, మూడు వైపులా గోడ లేపి, నాలుగో వైపు వదిలేసి పోయిన నేల. మా అదృష్టమో దురదృష్టమో, ఆ వదిలేసిన వైపు మాదే. మనిషి ఎత్తు గడ్డి, తుమ్మచెట్లు, మోదుగలు, మధ్యలో కొన్ని ముసలి ఇప్పచెట్లు. పెద్దవాళ్ళు దాన్ని పాముల పుట్ట అనేవాళ్ళు. మాకు మాత్రం అదే బజారు, అదే బడి, అదే తీర్థం.

ఇక పొగ. దాని గురించి చెప్పకుండా ఆ ఊరి గురించి చెప్పడం కుదరదు. తెల్లవారితే పొగ, పొద్దుగూకితే పొగ. ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ళ బిందె మీద, అన్నం మీద నల్లటి నుసి. తెల్ల రిబ్బన్లు కట్టుకుని బడికి వెళితే సాయంత్రానికి బూడిద రంగు రిబ్బన్లతో వచ్చేవాళ్ళం. అయినా దాన్ని తిట్టినవాళ్ళు లేరు. చిమ్నీ ఆగిపోయిన రోజే మా వరసలో ఆడవాళ్ళు బయటికొచ్చి ఆకాశం వంక చూసేవాళ్ళు. పొగ ఉంటే పని ఉన్నట్టు, పని ఉంటే అన్నం ఉన్నట్టు. పొగకి భయపడాలని మాకు ఎవరూ నేర్పలేదు.

నానమ్మ సముద్రం ఒడ్డు మనిషి. రాయపూర్ వచ్చి ఎన్నాళ్ళైనా ఇక్కడి చేపని చేప అని ఒప్పుకునేది కాదు. "ఇదేటి సేపే, మట్టి ముద్దలాగున్నాది" అంటూనే ముల్లు కూడా మిగల్చకుండా తినేది. హిందీ ఒక్క ముక్క రాదు. పక్కింట్లో మేమంతా కాకీ అని పిలిచే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది. ఈవిడ తెలుగులో అడిగేది, ఆవిడ తన భాషలో చెప్పేది, ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకుని తృప్తిగా లేచేవాళ్ళు. ఒకసారి ఏం మాట్లాడుకున్నారని నానమ్మని అడిగితే, "దాని కోడలు మంచిది కాదంట" అంది. కాకీని అడిగితే ఆవిడా అదే చెప్పింది, కాకపోతే మా అమ్మ గురించి.

అప్పటికి నాకు పదేళ్ళు దాటాయి. తమ్ముడికి నాలుగో ఏడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాకీ ఒళ్ళో ఛత్తీస్‌గఢీ కలిపి వాడికొక భాష ఉండేది. నానమ్మని "దాయీ" అనేవాడు, అక్కడి పిల్లలు అవ్వని పిలిచినట్టు. నానమ్మ మొదట కసిరింది గానీ తరవాత అదే పిలుపు కోసం చెవులు రిక్కించి కూచునేది. వాడికి అన్నిటికంటే ఇష్టమైంది తాలింపు. అమ్మ మూకుడు పెట్టగానే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి వంటింటి గుమ్మంలో గొంతుక్కూచునేవాడు. ఆవాలు చిటపటమంటే రెండు చేతులూ చరిచి "ఔర్! ఔర్!" అని, ఇంకా కావాలని అరిచేవాడు. అమ్మ వాడి కోసం ఆవాలు ఓ చిటికెడు ఎక్కువే వేసేది. ఆ వయసులో వాడికి పండగంటే అదే.

ఎండలు ముదరబోయే ముందు ఇప్పపూలు రాలేవి. పులిసిన బెల్లం వాసన భాఠా దాటి ఇళ్ళలోకి వచ్చేది. పొద్దున్నే కాకీతో పాటు బుట్టలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఎండుటాకుల మధ్య పూలు కనపడవు కాబట్టి చెట్టు కింద ముందు శుభ్రం చెయ్యాలి. కాకీ చీపురుతో ఊడ్చేది. ఓపిక లేనివాళ్ళు ఆకులకి అగ్గిపుల్ల గీసి, అవి కాలి చల్లారాక నల్లటి నేల మీద తెల్లటి పూలు ఏరుకునేవాళ్ళు. తరతరాలుగా ఆ ప్రాంతంలో అలాగే చేస్తారు. తమ్ముడు బుట్టలో వేసేదాని కంటే నోట్లో వేసుకునేదే ఎక్కువ. ఒకరోజు జేబుల నిండా కుక్కుకుని, మిగతావి నిక్కర్లో పోసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నడుచుకుంటూ వచ్చాడు. నానమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది. "ఓలమ్మో, నా మనవడు సారా బట్టీ ఎట్టేసినాడు!"

ఆ ఏడు చైత్ర నవరాత్రులు అయ్యీ అవకముందే వాడికి ఒళ్ళు కాలింది. మర్నాటికి వీపు మీద నీటి పొక్కులు లేచాయి.

నానమ్మ చూసింది. రెండు చేతులూ జోడించి, "వచ్చినావా తల్లీ" అంది. ఇక ఆ ఇల్లు మాది కాదు, అమ్మవారిది. గుమ్మానికి వేపమండలు, పక్క మీద వేపాకులు. జ్వరం అనే మాట పలకకూడదు, అమ్మ ఆడుతోంది అనాలి. తల దువ్వుకోకూడదు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పొయ్యి మీద నూనె కాగకూడదు, తాలింపు ఘాటు అమ్మవారికి పడదు. కాకీకి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, వాళ్ళకీ అమ్మవారు మాతే. మా వైపు గోడ పక్కనున్న పొయ్యిని మర్నాడే ఇంటి అవతలికి మార్చుకుంది. నాకు మాత్రం ఉప్పూ కారం లేని ఆ పెరుగన్నం తినలేక ప్రాణం పోయేది. కాకీ అక్కడ చీలా కాలుస్తుంటే వెనకనుంచి వెళ్ళి, ఆ వేడి బియ్యప్పిండి అట్టుని పచ్చిమిరపకాయల పచ్చడితో నిలబడే తినేసి, మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. తమ్ముడు నా మూతి వాసన చూసేవాడు. "దాయీ, చిటపట కబ్?" అని అడిగేవాడు.

"మూడో నీళ్ళు పోసినాక నాయినా. తల్లి సల్లగా ఎలిపోద్ది. అప్పుడు నీ అమ్మ మూకుడంతా సిటపటలే సేస్తాది."

నీళ్ళు పోయడం అంటే, బిందెలో వేపాకు, పసుపు వేసి ఎండలో పెట్టి, అవి వాటంతటవే వేడెక్కాక పిల్లాడికి పోయడం. అలా మూడుసార్లు పొయ్యాలి. మూడోది పోసి, పెరుగన్నం నైవేద్యం పెట్టి అమ్మవారిని సాగనంపేదాకా పిల్లాడు గడప దాటకూడదు. దాటితే అమ్మవారికి కోపం వస్తుంది. నానమ్మ ఊళ్ళో అలా దాటించిన ఇళ్ళ కథలు ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ ఒకేలా ముగిసేవి.

అమ్మకి ఆ కథల మీద నమ్మకం లేదని కాదు. కానీ రెండో నీళ్ళు అయ్యాక పిల్లాడు దగ్గడం మొదలుపెట్టాడు. డిస్పెన్సరీకి తీసుకెళదామని నాన్న చెవిలో వేసింది. నాన్న తల గోక్కున్నాడు. ఇనుముని వంచగలిగిన మనిషి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మాత్రం ఎటూ వంగలేకపోయేవాడు. "మూడో నీళ్ళు అవ్వనీ, మరింకేటుంది" అన్నాడు.

ఆ మూడో నీళ్ళ రోజే మంట వచ్చింది.

పొద్దున్నే నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. వాకిట్లో బిందె ఎండలో ఉంది. వడగాలి మొదలైంది, అక్కడివాళ్ళు లూ అనే గాలి. మధ్యాహ్నానికి కాస్త ముందు భాఠా అవతల పొగ లేచింది. నేను చూశాను. అమ్మ చూసింది. వరసంతా చూసింది. ఎవరి పని వాళ్ళు చేసుకున్నాం. రోజూ చూసే పొగ పక్కన ఇంకో పొగ, అంతే కదా. కొత్త ఫర్నేస్ ఏదో వెలిగించి ఉంటారని ఒకాయన చెప్పాడు కూడా, చాలా తెలిసినవాడిలా. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు ఆయన మీద కాదు, మా అందరి మీదా కోపం వస్తుంది.

తరవాత బిందెలో నీళ్ళ మీద బూడిద పడింది. మాకు తెలిసింది నల్ల నుసి. ఇది తెల్లగా, మెత్తగా, ఆకు ఆకారంలోనే ఉంది. ఈనెలు కూడా కనపడుతున్నాయి. వేలితో ముట్టుకుంటే పొడి అయిపోయింది. "అమ్మా, ఆకు రాలింది, బూడిదాకు" అన్నాను. అమ్మ వచ్చి చూసింది, వాసన పీల్చింది. సరిగ్గా అప్పుడే అవతలినుంచి కాకీ అరిచింది.

"ఆగీ! ఆగీ ఆవత్ హే! నికరవ్, జల్దీ నికరవ్!" మంట వస్తోంది, త్వరగా బయటపడండి అని.

భాఠా నాలుగో వైపు గోడ లేదని చెప్పాను కదా.

ఆ తరవాతి హడావుడిని నేను ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. ఇల్లు వదిలి పొమ్మంటే మనుషులు ఏం పట్టుకుంటారో చూస్తే వాళ్ళ బతుకేమిటో తెలిసిపోతుంది. ఒకాయన టీవీని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ఇంకో ఆయన పైకెక్కి సీలింగు ఫ్యాను విప్పుతుంటే ఆయన భార్య కింద నిలబడి తిట్లు లంకించుకుంది. కాకీ మేకల తాళ్ళు కోసి వదిలేసింది. మా అమ్మ ముందు కిరోసిన్ డబ్బా తీసుకెళ్ళి వీధవతల కాలవలోకి దొర్లించింది. తరవాత దుప్పటి పరిచి, బియ్యం, రేషన్ కార్డు, నా పుస్తకాలు, నాన్న చొక్కాలు వేసి నాలుగు కొసలూ ముడేసింది. ఏది ముందో ఏది తరవాతో అమ్మకి తెలుసు. ఎక్కడినుంచో ఒక ట్రాక్టరు వచ్చి వీధి మొదట్లో ఆగింది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎక్కించండి, మెయిన్ రోడ్డు మీద బడికి తీసుకెళతాను అని డ్రైవరు అరుస్తున్నాడు.

అమ్మ మూట నా నెత్తిన పెట్టి, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి లోపలికి వెళ్ళబోయింది. నానమ్మ గుమ్మంలో అడ్డంగా కూచుని ఉంది.

"అత్తా, లెగు. బేగి లెగు. మంట వచ్చేస్తన్నాది."

"గుంటడు గడప దాటకూడదు."

"కాలిపోతాం అత్తా!"

"నువ్వూ పిల్లా ఎల్లండి. నానూ వాడూ ఉంటాం. తల్లి సూసుకుంటాది."

అమ్మ ఆవిడ రెక్క పట్టుకుని లాగింది. కోడలు అత్త మీద చెయ్యి వెయ్యడం మా ఇంట్లో అదే మొదటిసారి. నానమ్మ కదల్లేదు. కాకీ పరిగెత్తుకొచ్చింది, గుమ్మం బయటే ఆగి, వంగి దణ్ణం పెట్టి, రొప్పుతూ చెప్పింది. "మాతా ఘలో రేంగథే, దాయీ. పూఛ్ కే లే చల్." తల్లి కూడా నడుస్తుంది, అడిగి వెంట తీసుకుపో అని. ప్రతి చైత్రంలో వాళ్ళు మాతని నెత్తిన పెట్టుకుని చెరువుదాకా నడిపించుకుపోతారు. వాళ్ళకి దేవత నడవడం కొత్త కాదు.

"మీ తల్లి నడుస్తాది కావాల," అంది నానమ్మ. "మా తల్లి ఇంటికి వచ్చినాది. ఇంట్లోంచే పంపాల." ఆవిడది మొండితనం అని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది భయం. మంట కంటే పెద్ద భయం. అమ్మ వంక చూసి, మొదటిసారి బతిమాలింది. "ఒలే, నీళ్ళు ఎండలో ఉన్నాయి కదే. ఇప్పుడే పోసీద్దాం. రెండు సెంబులే. మూడో నీళ్ళు అయిపోతాయి, గడప దాటించీవొచ్చు. నా మాట ఇను."

అమ్మ వీధి వంక చూసింది, ట్రాక్టరు వంక చూసింది. వాదిస్తే ఇంకా ఆలస్యం, ఒప్పుకుంటే కాస్త ఆలస్యం అని లెక్కేసుకుని ఉంటుంది. "బేగి," అంది. "ఒలే గుంటా, ఎల్లి ఆగమని సెప్పు ఆడికి."

నేను మూటతోనే పరిగెత్తాను. భయ్యా, రుకో, ఛోటా భాయీ హై అన్నాను. డ్రైవరు చెడ్డవాడు కాదు. ఆగాడు. హారను కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ట్రాలీలో పిల్లలు ఏడుస్తున్నారు, ముసలివాళ్ళు దగ్గుతున్నారు. అమ్మలు చలో చలో అని ట్రాలీ పలకలు చరుస్తున్నారు. గాలి ఒక్కసారి ఇటు తిరిగింది. వరస కొసనున్న గడ్డివాము భగ్గుమంది. డ్రైవరు నా వంక చూసి తల అడ్డంగా ఊపి బండి కదిలించాడు.

నేను ఇంటికి తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గర తమ్ముడు ఉన్నాడు. ఒంటి మీద నూలుపోగు లేకుండా, పొక్కులతో, పసుపు నీళ్ళు కారుతూ, గడపకి లోపలి పక్కన పీట మీద నిలబడి ఉన్నాడు. నానమ్మ నీళ్ళు పోస్తోంది. నీళ్ళలో ఆ బూడిద ఉంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి గానీ మంత్రమో ఏడుపో తెలియడం లేదు. నైవేద్యానికి పెరుగన్నం లేదు, అమ్మ గిన్నెలో చల్లన్నం ఉంటే ఇంత తెచ్చి గుమ్మంలో పెట్టింది. వెనక భాఠాలో తుమ్మచెట్లు పేలుతున్నాయి. ఆ చప్పుడు విని తమ్ముడు మొహం విప్పారింది. రెండు చేతులూ చరిచాడు.

"దాయీ! చిటపట!"

నానమ్మ చేతిలో చెంబు జారిపోయింది.

వాణ్ణి తుడవడానికి కూడా వ్యవధి లేదు. నానమ్మ బిందెలో మిగిలిన నీళ్ళలో తన కొంగు ముంచి, వాడి మొహం మీద కప్పి, భుజాన వేసుకుని గడప దాటింది. అమ్మ తలుపు వేసింది. తాళం కప్ప కనపడలేదు. వదిలేసింది. వీధిలో పొగ మోకాళ్ళ దగ్గర పల్చగా, మొహాల దగ్గర చిక్కగా ఉంది. వంగి నడిచాం. కాకీ నా చెయ్యి పట్టుకుంది. నానమ్మకి మోకాళ్ళ నొప్పులు, రోజూ పంపు దాకా నడవడానికే నాలుగుసార్లు ఆగే మనిషి. ఆ రోజు మెయిన్ రోడ్డు దాకా ఒక్కసారీ ఆగలేదు. అమ్మ రెండుసార్లు "ఇలగియ్యి అత్తా" అని చేతులు చాపింది. ఇవ్వలేదు. తడి కొంగు ఆ గాలికి దారిలోనే ఎండిపోయింది. దాని కింద వాడు దగ్గుతూనే ఉన్నాడు.

బడిలో జనం నిండిపోయారు. పిల్లాడి ఒంటి మీద పొక్కులు చూసి కొందరు తమ పిల్లల్ని దూరం లాక్కున్నారు. ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చి, మాత వచ్చిందని వాడి పాదాలకి దణ్ణం పెట్టి వెళ్ళారు. అంత పొగలోంచి పరిగెత్తుకొచ్చి, ఇల్లూ వాకిలీ ఏమైందో తెలియని వాళ్ళు, నాలుగేళ్ళ పిల్లాడి కాళ్ళకి దణ్ణం పెట్టారు. మాకు వరండా చివర చోటిచ్చారు. ఎవరో గ్లూకోజు బిస్కట్లు పంచారు. నేను తిన్నాను. ఆకలి వేసింది మరి. సాయంత్రం నాన్న వచ్చాడు. మిల్లులో ఎవరో చెబితే డ్యూటీ మధ్యలో పరిగెత్తుకుంటూ ఇంటికెళ్ళి, అక్కడినుంచి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మా నలుగురినీ చూసి గోడకి చేరగిలబడి, "అందరూ ఉన్నారు కదా. ఇంకేటి కావాల" అన్నాడు. నవ్వాడు కూడా.

మంట మా ఇళ్ళ దాకా రాలేదు. గడ్డివాము, వరస చివర మేకల పాక, అంతే కాలాయి. అగ్నిమాపక బండి వచ్చింది, గాలి మళ్ళీ తిరిగింది. ఎవరు అంటించారో తెలియదు. ఇప్పపూల కోసం అన్నారు, బీడీ ముక్క అన్నారు, కరెంటు తీగలు రాసుకున్నాయన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఇంటికెళితే గుమ్మానికి వేపమండలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. గుమ్మంలో పెట్టిన చల్లన్నం కాకులు తిని పోయాయి. ఒక్క పెంకు కూడా పగల్లేదు. నానమ్మ ఇంటిని ఎగాదిగా చూసింది, లోపలికి వెళ్ళి గోడకి ఆనుకుని కూచుంది. మేము వెళ్ళకపోయినా ఏమీ అయ్యేది కాదు.

తమ్ముడికి ఊపిరి ఎగదన్నింది. ఈసారి నాన్న ఎవర్నీ అడగలేదు. భుజాన వేసుకుని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు నిమ్ము అన్నాడు. పొగ వల్లా, ఆ పొక్కుల వల్లా, తడి ఒంటికి గాలి తగలడం వల్లా అని అమ్మ అడిగింది. ఒక్కోసారి పొక్కుల జబ్బే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, పొగ తోడైతే చెప్పలేం, దేనివల్లో ఇప్పుడెలా తెలుస్తుందమ్మా అన్నాడాయన మెల్లగా, హిందీలో. మంచి మనిషి. ఎంత చెయ్యాలో అంతా చేశాడు. వాడు ఆ వారం దాటలేదు.

నాకు ఆసుపత్రి పెద్దగా గుర్తులేదు. ఇంట్లో ఒక మధ్యాహ్నం మాత్రం గుర్తుంది. అంతా అయిపోయి చాలా రోజులైంది. అమ్మ ఏదో ఆలోచిస్తూ మూకుడు పెట్టి ఆవాలు వేసింది. అవి చిటపటమన్నాయి. అమ్మా, నేనూ, నానమ్మా, ముగ్గురం ఒకేసారి వంటింటి గుమ్మం వంక చూశాం. అమ్మ మూకుడు దించేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. పప్పు ఆ రోజు అలాగే తిన్నాం.

ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఆ రెండు గదుల్లోనే ఇంకా ఎన్నో ఏళ్ళు బతికారు. ఒకరినొకరు ఒక్క మాట అనుకోలేదు. అనుకుని ఉంటే బావుండేది. తలుపులు బాదుకుని, శాపనార్థాలు పెట్టుకుని, వీధిలోకొచ్చి పోట్లాడుకుని ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అయిపోయేది. బదులుగా ఇద్దరూ నాకు చెప్పేవాళ్ళు, విడివిడిగా. నానమ్మ నా జడ వేస్తూ చెప్పేది. "సరిగ్గా సెయ్యలేదే మూడో నీళ్ళు. బూడిద నీళ్ళు పోసినాను. నైవేద్యం ఎంగిలి గిన్నెలోది. మీ అమ్మ తొందర ఎట్టీసినాది. తల్లి ఎలా ఎల్తాది మరి?" అమ్మ బట్టలు ఉతుకుతూ చెప్పేది. "ట్రాక్టరు ఆగింది కదే, నువ్వు సూసినావు కదా. పొడి ఒంటితో ఎక్కించుంటే పొగ లేకుండా ఎల్లిపోదుము. తడిపీసి గాల్లోకి తీసుకొచ్చినాది." ఇద్దరికీ నేనే సాక్షిని. ఇద్దరూ ఆ చెంబుడు నీళ్ళ గురించే మాట్లాడేవాళ్ళు. నేను ఇద్దరి మాటా విని ఊరుకునేదాన్ని. నాకేం తెలుసు? ఇప్పటికీ తెలియదు.

భాఠాలో తరవాత గోదాములు లేచాయి. ఇప్పచెట్లు కొట్టేశారు. మా వరస కూడా పడగొట్టి షెడ్లు వేశారు. కాకీ కొడుకు దగ్గరికి అభన్‌పూర్ వెళ్ళిపోయింది. నాన్న అక్కడే కొంచెం దూరంలో వేరే ఇల్లు తీసుకున్నాడు. గోడలు మారాయి, ఆ ఇద్దరూ మారలేదు. నానమ్మకి అమ్మ వేళకి అన్నం పెట్టేది, కాళ్ళకి నూనె రాసేది, మంచాన పడ్డాక అన్నీ తనే చూసుకునేది. వీధిలో అందరూ ఇలాంటి కోడలు ఉండదనేవాళ్ళు. అమ్మ మొహంలో మాత్రం ఏమీ ఉండేది కాదు.

నానమ్మ చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను పక్కనే ఉన్నాను. అమ్మ చెంచాతో జావ తాగిస్తోంది. నానమ్మ ఉన్నట్టుండి చెంచా ఆపింది. అమ్మ మణికట్టు పట్టుకుంది. మాట సరిగ్గా రావడం లేదు.

"ఒలే. బండి ఆగినాది కదే ఆరోజు."

అమ్మ జావ గిన్నె కింద పెట్టింది.

"నాను ఆపీసినాను. ఎక్కనీలేదు నిన్ను. నానే."

ఆ మాట కోసమే అమ్మ అన్నేళ్ళు ఎదురుచూసిందని నాకు తెలుసు. ఇప్పటికైనా అమ్మ అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అమ్మ నానమ్మ మూతి కొంగుతో తుడిచింది. "లేదత్తా," అంది. "నువ్వేటి సేసినావు. భుజాన మోసుకొచ్చినావు వాణ్ణి." మళ్ళీ చెంచా నోటికి అందించింది. నానమ్మ తాగింది. రెండు రోజులకి పోయింది.

కర్మకాండలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక అమ్మ వంటింట్లో గోడకి ఆనుకుని కూచుంది. నేను గిన్నెలు సర్దుతున్నాను. క్షమించేశావు కదమ్మా, మంచి పని చేశావు అన్నాను. పెద్దదాన్ని అయ్యాను కదా, పెద్ద మాటలు వచ్చేవి నాకు.

అమ్మ నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, శాంతీ లేదు.

"ఆవిడున్నన్నాళ్ళూ ఆవిడ వల్లే పోయినాడనుకొని బతికీసినాను," అంది. "నీళ్ళు పొయ్యమని ఒప్పుకున్నది నానే కదే. ఇప్పుడు ఎవర్ననుకోను?"